గణితజ్ఞుల ఆలోచనా విధము - మన పిల్లల చదువు

మన గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు నిండించుకొన్న ఈ శుభసమయమున ప్రకటించు సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రాజుల చరిత్రము గాని, యుద్ధముల చరిత్రము గాని వ్రాయు శక్తి నాకు లేదు. జీవితమంతయు బడిలో లెక్కలు చెప్పినవాడను. కావున లెక్కల చరిత్రము నుండియే ఒక విషయమును గ్రహించి చదువరుల ముందుంచుచున్నాను.

ఉక్కు కర్మాగారపు వాకిట నున్న మన కూర్మన్నపాలెములో, సాయంకాలము కాగానే పఠనమందిరమునకు బడిపిల్లలు వత్తురు. గైడు పుస్తకము తెఱచి, జవాబును చూచి, నోటుపుస్తకమున ఎక్కించుకొందురు. ఒకనితో "ఇది ఇట్లేల వచ్చినది?" అని అడిగితిని. "అది సూత్రమండీ మాస్టారూ, అంతే" అనెను. ఆ మాట నాకు క్రొత్త కాదు. ఆ మాటను పిల్లలకు నేర్పిన ఉపాధ్యాయులలో నేనును ఒకడను. ఎట్లు నేర్పితినో ముందు చెప్పెదను. గణితజ్ఞులు నిజముగా ఎట్లు ఆలోచింతురు? మనము పిల్లలకు చెప్పు లెక్క ఆ ఆలోచనను చూపుచున్నదా, దాచుచున్నదా? ఇదియే నా ప్రశ్న.

హారమువంటి సంఖ్యలు

తెలుగున లెక్కల గ్రంథము పుట్టి సుమారు తొమ్మిదివందల యేండ్లయినది. క్రీ. శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట చక్రవర్తియగు అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడను జైన పండితుడు సంస్కృతమున "గణిత సార సంగ్రహము" రచించెను. దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఆయన 11వ శతాబ్దివాడని కొందఱును, 12వ శతాబ్దివాడని కొందఱును తలంచుచున్నారు. ఏదియైనను, భారతము తెలుగున అవతరించిన కాలమునకు అనతి దూరముననే లెక్కల గ్రంథమును తెలుగున అవతరించినదనుట మనకు గర్వకారణము.

మల్లన మక్కికి మక్కిగా తెనిగింపలేదు. మూలములోని జైన సంబంధమైన ఉదాహరణముల స్థానమున శివభక్తికి సంబంధించినవి నిలిపెను. ఒక పనికి పెక్కు పద్ధతులున్నచోట సంగ్రహించెను. ఉదాహరణములను మాత్రము క్రొత్తవి చేర్చెను. పద్ధతులు తగ్గించి లెక్కలు పెంచుట, చూడగా, పిల్లవాని ముందు కూర్చుండి చెప్పువాని చూపువలె నున్నది.

మహావీరాచార్యుని గ్రంథమున గుణకారము చెప్పు చోట కొన్ని వింత సంఖ్యలు కలవు. 12345679 అను సంఖ్యను 9 చేత హెచ్చింపగా 111111111 వచ్చును. 142857143ను 7 చేత హెచ్చింపగా 1000000001 వచ్చును. 139ని 109 చేత హెచ్చింపగా 15151 వచ్చును. 152207ను 73 చేత హెచ్చింపగా 11111111 వచ్చును. ఎడమ నుండి చదివినను, కుడి నుండి చదివినను ఒకే తీరుగ నుండు ఈ ఫలములను ఆయన కంఠాభరణములతో పోల్చెను. ముత్యములు గ్రుచ్చిన హారము ఏ వైపు నుండి చూచినను ఒకటియే కదా!

పిల్లవానికి ఈ హారమును చూపిన ఆశ్చర్యపడును, ఒక నిమిషము సంతోషించును, పిమ్మట మఱచును. అయితే ఆ హారమును గ్రుచ్చినవాడు ఏమి ఆలోచించియుండును? 152207 అను సంఖ్య ఊరక తోచునది కాదు. శ్లోకమున లెక్క ఉన్నదే కాని, అది దొరకిన దారి లేదు. ఆ దారిని మనము వెదకి చూతము.

గణితజ్ఞుడు ఇట్టిచోట చివరి నుండి వెనుకకు నడచును. కావలసినది ఎనిమిది ఒకట్లు. వానిని రెండు నాలుగులుగా విడదీసిన 1111, 1111 అగును. అనగా ఈ సంఖ్య 1111ను 10001 చేత హెచ్చించినదే. ఇప్పుడు పెద్ద చిక్కు చిన్న చిక్కుగా మాఱినది: 10001ని ఏ సంఖ్య నిశ్శేషముగా భాగించును? 3 భాగింపదు, 7 భాగింపదు, 11 భాగింపదు, 13 భాగింపదు. ఓపికతో పోగా 73 వద్ద చిక్కు విడును. 73ను 137 చేత హెచ్చించిన సరిగా 10001 వచ్చును. అప్పుడు 137ను మొదటి 1111తో జత కలిపిన 152207 సిద్ధమగును. దానికి 73 తోడైన హారము పూర్తియగును.

ఆచార్యుడు ఈ దారినే పోయెనో, దీనిని పోలిన వేఱొక దారిని పోయెనో కాని, వెదకులాట మాత్రము తప్పియుండదు. నాలుగు సార్లు "కాదు" అనిపించుకొన్న పిమ్మటనే "ఔను" దొరకును. పుస్తకమునకు ఎక్కునది ఆ "ఔను" మాత్రమే. హారమును చూపుట వేఱు; గ్రుచ్చిన విధమును చూపుట వేఱు. మన చదువులోని లోపమంతయు ఈ భేదములోనే ఉన్నదని నా నమ్మకము.

మన విశాఖపట్టణపు పరంపర

ఇది దూరదేశపు కథ యని తలంపనక్కఱలేదు. 1840లోనే విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు సొంత ధనముతో నక్షత్రశాలను నెలకొల్పిరి. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఆ పనిని కొనసాగించిరి. నరసింగరావుగారి భార్య తన భర్త పేర చేసిన దానము వలననే నగరమందలి కళాశాలకు మిసెస్ ఏ. వి. ఎన్. కళాశాల యను పేరు వచ్చినది. చుక్కలను లెక్కించిన ఇంటివారి ధనము పిల్లలకు లెక్కలు నేర్పు చోటికి చేరినది. సర్ సి. వి. రామన్‌గారి తండ్రి చంద్రశేఖర అయ్యరుగారు ఆ కళాశాలలోనే గణితమును, భౌతికశాస్త్రమును బోధించిరి.

ఆ కళాశాలలో చదివిన ఒక విద్యార్థి కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. లోకము ఆయనను సి. ఆర్. రావు అని ఎఱుగును. ఆయన 1920 సెప్టెంబరు 10వ తేదీన, నాడు బళ్లారి జిల్లాలో నుండిన హూవిన హడగళి యందు తెలుగు కుటుంబమున జన్మించెను. తల్లిదండ్రులకు ఎనిమిదవ సంతానమగుటచే కృష్ణుని పేరు పెట్టిరి. తండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి; బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామలలో చదువు సాగినది. తండ్రి ఉద్యోగము విరమించి, పిల్లల చదువునకు అనుకూలమైన చోటని విశాఖపట్టణమున స్థిరపడెను.

ఈ తండ్రి కుమారునకు లీలావతి లెక్కల పుస్తకము నొకదానిని ఇచ్చి, దినమునకు ఐదు మొదలు పది లెక్కల వఱకు చేయుమని చెప్పెను. తల్లి లక్ష్మీకాంతమ్మగారు వేకువ నాలుగు గంటలకు కుమారుని లేపి నూనెదీపము వెలిగించి చదువునకు కూర్చుండబెట్టెడిది. తరువాతి కాలమున రావుగారు తన గ్రంథమొకటి ఆ తల్లికి అంకితమిచ్చి, ఆ దీపమును స్మరించిరి. ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితమున ఎం. ఏ. పట్టమును ప్రథమ శ్రేణిలో పొంది, ఉద్యోగము వెదకుచు కలకత్తా వెళ్లి, 1941 జనవరిలో మహలనోబిస్‌గారు నడపుచున్న భారతీయ సాంఖ్యిక సంస్థలో చేరిరి.

ఒక ప్రశ్న, ఒక రాత్రి

ఆయనకు కీర్తి తెచ్చిన విషయము చెప్పుటకు ముందు సాంఖ్యిక శాస్త్రమనగా ఏమో మన ఇంటి భాషలో చెప్పుకొందము. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు కుండలోని మెతుకులన్నియు పట్టి చూడనక్కఱలేదు. ఒక్క మెతుకు చాలును. మన కర్మాగారమున ఉక్కు కరగించు వారును అంతియే. కొలిమిలోని ద్రవమునుండి కొంచెము శాంపిలు తీసి ప్రయోగశాలకు పంపి, అంతటి లోహమున కర్బనమెంతయో, ఇతర ధాతువులెంతయో తెలిసికొందురు. కొంచెమును చూచి అంతటిని ఊహించుటయే ఈ శాస్త్రము.

ఊహ గనుక పొరపాటునకు తావున్నది. ఆ పొరపాటును ఎంత వఱకు తగ్గింపవచ్చును? ఎంత తెలివిగా లెక్కించినను, ఇంతకన్న తగ్గదను హద్దు ఏదైన ఉన్నదా? ఇంగ్లండు దేశపు మహాశాస్త్రజ్ఞుడు ఫిషర్, శాంపిలు మిక్కిలి పెద్దదైనప్పుడు అట్టి హద్దు ఉన్నదని చూపియుండెను.

1944 ప్రాంతమున రావుగారు కలకత్తా విశ్వవిద్యాలయమున ఎం. ఏ. విద్యార్థులకు ఈ పాఠమే చెప్పుచుండిరి. వయస్సు ఇరువదిమూడు, ఇరువదినాలుగేండ్లు మాత్రమే. తరగతిలో వి. ఎం. దాండేకర్ అను విద్యార్థి లేచి, పెద్ద శాంపిలునకు చెప్పిన ఈ మాట చిన్న శాంపిలునకును చెప్పవచ్చునా యని అడిగెను. ఈ దాండేకర్‌గారే తరువాత పేరొందిన ఆర్థికశాస్త్రవేత్తయైరి. ఆ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకమునను గురువునకు కనబడియుండలేదు. "ఇది పరీక్షలో రాదు, కూర్చుండుము" అని రావుగారు అనలేదు. ఇంటికి వెళ్లి రాత్రియంతయు శ్రమించి, మఱునాడు తరగతికి జవాబు తెచ్చిరి. శాంపిలు చిన్నదైనను పెద్దదైనను, పక్షపాతము లేని ఏ అంచనా పద్ధతికైనను పొరపాటు దిగజాలని హద్దు ఒకటి ఉన్నది. ఆ హద్దును నిర్ణయించునది ఆ శాంపిలులో ఇమిడియున్న సమాచారమే. ఇదియే ఆ జవాబు.

ఆ ఫలితమును మఱికొన్ని విషయములతో చేర్చి 1945లో కలకత్తా గణిత సంఘపు బులెటినులో ప్రకటించిరి. స్వీడను దేశీయుడు హెరాల్డ్ క్రామేర్ తాను స్వతంత్రముగా కనుగొన్న అదే ఫలితమును 1946లో తన గ్రంథమున ప్రచురించెను. ఇద్దఱి పేరిట అది క్రామేర్-రావు అసమత యని ప్రసిద్ధి కెక్కినది. రావుగారు 1948లో కేంబ్రిడ్జిలో ఫిషర్‌గారి వద్దనే డాక్టరు పట్టము పొందిరి, 2001లో పద్మవిభూషణులైరి, 2023లో అంతర్జాతీయ సాంఖ్యిక బహుమానమును అందుకొని, ఆ సంవత్సరమే ఆగస్టు 22వ తేదీన నూటరెండేండ్ల వయస్సున అమెరికాలో కీర్తిశేషులైరి.

ఈ కథలో మనము గమనింపవలసినది కీర్తి కాదు. ఆ విద్యార్థి చేసిన పని ఎంత చిన్నది! ఒక వాక్యములోని ఒక్క మాటను కదిలించి చూచెను. "పెద్ద శాంపిలు" అన్నచోట "పెద్ద" యను మాటను తీసివేసిన ఏమగునని అడిగెను. గణితజ్ఞుని ఆలోచనకు గుర్తు ఇదియే. ఒక సత్యము చెప్పగానే అతడు దానిని కంఠస్థము చేయుటకు పోడు. ఏ షరతు మీద అది నిలిచియున్నది? ఆ షరతు తీసిన పడిపోవునా? తిరుగవేసిన నిలుచునా? ఇట్లు స్తంభములను తట్టి చూచును. నేటి పాఠ్యపుస్తకములలో ఆ ఫలితపు నిరూపణము కొద్ది పంక్తులలో ముగియును. దాండేకర్ ప్రశ్నయు, రావుగారి రాత్రియు ఆ పంక్తులలో కనబడవు.

పెద్దలు చెప్పిన సాక్ష్యము

ఇతర దేశముల గణితజ్ఞులును తమ ఆలోచనను గూర్చి ఇట్టి మాటలే చెప్పియున్నారు. ఫ్రాన్సు దేశీయుడు హెన్రీ పాయింకరే 1908లో పారిసు నగరమున మనస్తత్త్వ శాస్త్రజ్ఞుల యెదుట తన అనుభవమును చెప్పెను. ఒక విషయము అసాధ్యమని నిరూపింపవలెనని ఆయన పదునైదు దినములు పెనగులాడెను. తుదకు అది సాధ్యమేయని తేలినది. ఆ పరిశోధనలోనే మఱొక ముఖ్యమైన భావము, ప్రయాణములో గుఱ్ఱపుబండి మెట్టుపై కాలు మోపినంతలో, తలవని తలంపుగా తట్టినది. బండి మెట్టు మహిమ కాదది. అంతకు ముందటి శ్రమ లోలోపల పక్వమై ఫలించినది.

జాక్ హాడమార్డ్ అను మఱియొక ఫ్రెంచి గణితజ్ఞుడు తోటివారిని అడిగి తెలిసికొని, 1945లో ఈ విషయముననే ఒక గ్రంథము వ్రాసెను. తన ఆలోచనలో మాటలకు అంతగా చోటు లేదనియు, చిత్రములవంటి రూపములే ముందు మెదలుననియు ఐన్‌స్టీను ఆయనకు వ్రాసెను. అదే 1945లో హంగరీ దేశమున పుట్టిన జార్జి పోల్యా, లెక్కను ఎట్లు సాధింపవలెనో ఉపాధ్యాయులకును, విద్యార్థులకును తెలుపు చిన్న పుస్తకమును ప్రకటించెను. చిక్కును చక్కగా అర్థము చేసికొనుము, ఉపాయము వెదకుము, నడిపించుము, తుదకు వెనుదిరిగి చూడుము అనునవి ఆయన చెప్పిన నాలుగు మెట్లు. పెద్ద చిక్కు లొంగనిచో దానిని పోలిన చిన్న చిక్కును ముందు పట్టుమనియు ఆయన బోధించెను. 10001 వద్ద మనము చేసిన పని అదియే కదా!

నా పొరపాటు

ఇక నా మాట. నేను ఉద్యోగమున చేరిన తొలి వత్సరములలో, ఒక పల్లెబడిలో, ఏడవ తరగతికి ఋణసంఖ్యల గుణకారము చెప్పుచుంటిని. ఋణము, ఋణము హెచ్చించిన ధనము అని నల్లబల్లపై వ్రాసితిని. వెనుక బల్ల మీది కుఱ్ఱవాడొకడు లేచి, "మాస్టారూ, అప్పును అప్పుతో హెచ్చిస్తే ఆస్తి ఎలా అవుతుందండి?" అని అడిగెను. తరగతి గొల్లుమన్నది. నేనును నవ్వితిని. "అది సూత్రము. వ్రాసికో" అంటిని. వాడు వ్రాసికొని కూర్చుండెను. ఆ సంవత్సరమంతయు మఱల నోరు విప్పలేదు.

వాడు అడిగినది వెఱ్ఱి ప్రశ్న కాదు. ధనము, ఋణము అను మాటలు ఆస్తి, అప్పు అను అర్థములోనే గణితమున ప్రవేశించినవి. క్రీ. శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రహ్మస్ఫుట సిద్ధాంతమున ఈ పేర్లతోనే ఈ సంఖ్యలకు నియమములు చెప్పెను. ఆ కుఱ్ఱవాడు మాటకు అర్థమున్నదని నమ్మినాడు, నేను నమ్మలేదు. నిజము చెప్పవలెనన్న, ఆనాడు నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడి సూత్రము చాటున దాగుకొంటిని.

జవాబు చాల సులభము. రెండు ఋణచిహ్నములలో ఒకటి అప్పు, రెండవది తీసివేత. నీ పేర రెండేసి రూపాయల అప్పు నోట్లు మూడు ఉన్నవి. అప్పిచ్చిన పెద్దమనిషి దయతలచి ఆ మూడింటిని చింపివేసెను. నీకు ఆఱు రూపాయలు కలిసివచ్చినట్లే కదా! మూడు అప్పులను తీసివేయుటయే ఋణ మూడును ఋణ రెండుతో హెచ్చించుట. ఇంకను అనుమానమున్నచో పలక మీద వరుసగా వ్రాయింపవచ్చును. ఋణ రెండును 3తో హెచ్చించిన ఋణ ఆఱు, 2తో ఋణ నాలుగు, 1తో ఋణ రెండు, సున్నతో సున్న. ప్రతి మెట్టునకు రెండేసి పెరుగుచున్నది. ఇంకొక మెట్టు దిగి ఋణ ఒకటితో హెచ్చించిన ఏమి రావలెను? వరుస చెడకుండవలెనన్న ధన రెండే రావలెను. ఇది పిల్లవాడే చెప్పును. గురువు నోరు మెదపనక్కఱలేదు.

ఈ జవాబు నాకు తోచుటకు కొన్ని యేండ్లు పట్టినది. అప్పటికి ఆ కుఱ్ఱవాడు బడి విడిచి పోయినాడు. దాండేకర్‌కు దొరకిన మఱునాడు వానికి దొరకలేదు. ఈ లోపము పాఠ్యపుస్తకముదని గాని, పరీక్షదని గాని నేను అనజాలను, అది నాదే.

మనము చేయదగిన పని

ఎక్కములు వలదని, అభ్యాసము వలదని నేను చెప్పుట లేదు. రావుగారి తండ్రి దినమునకు పది లెక్కలు చేయించెను; తల్లి వేకువనే దీపము వెలిగించెను. ఆ సాధన లేనిచో ఒక్క రాత్రిలో జవాబు చిక్కెడిది కాదు. ఎక్కములు చేతిలోని ఉలి వంటివి. ఉలికి పదును పెట్టుటతోనే జీవితము గడచిపోయిన బొమ్మ చెక్కుట ఎప్పుడు? అభ్యాసమును, ప్రశ్నయు రెండును కావలెను. నేడు మొదటిదానికి కోచింగు తరగతులున్నవి, గైడులున్నవి, చేతిఫోనులున్నవి. రెండవదానికి చోటు లేదు. బడిలో గంట కొట్టుదురు. పాఠము పూర్తి కావలెను. ఆ చోటును గ్రంథాలయము ఈయగలదు. ఇచట గంట లేదు, మార్కులు లేవు, తప్పు చెప్పిన నవ్వువారుండనక్కఱలేదు.

కావున కార్యవర్గమువారికి ఒక విన్నపము. పఠనమందిరమున ఒక మూల నల్లబల్లయు, ఒక లావుపాటి నోటుపుస్తకమును ఉంచుదురు గాక. పిల్లలు ఆ పుస్తకమున జవాబులు కాక ప్రశ్నలు వ్రాయవలెను. వారమున కొక సాయంకాలము పెద్దలము కూర్చుండి ఆ ప్రశ్నలను పిల్లలతో కలిసి విప్పుదము. మన ఊరిలో లెక్కలు చదివినవారికి కొదవ లేదు. కర్మాగారమున కొలతలు తీసి, శాంపిళ్లు పరీక్షించి, ఉద్యోగము విరమించినవారు ఎందఱో కలరు. పంతులుగారొక్కరే రావలెనని లేదు.

ఒక్క నియమము మాత్రము పెట్టుకొందము. తెలియని ప్రశ్న వచ్చినప్పుడు పెద్దవాడు "నాకు తెలియదు, రేపు చెప్పెదను" అని నిస్సంకోచముగా అనవలెను. మఱునాడు జవాబుతో గాని, ఎంత దూరము పోయి ఎచట ఆగితినని చెప్పుటకు గాని తప్పక రావలెను. ఎచట ఆగినది చెప్పుటయు పాఠమే.

మొదటి పుటలో వ్రాయుటకు ఒక ప్రశ్నను నేనే ఇచ్చుచున్నాను. ఎనిమిది ఒకట్ల హారమును ఎట్లు గ్రుచ్చిరో చూచితిమి. ఆఱు ఒకట్ల హారము 111111ను ఎన్ని విధముల గ్రుచ్చవచ్చును? చింతపిక్కలు, పలక, ఓపిక ఇవి చాలును. జవాబు ఈ సంచికలో ఎచటను అచ్చువేయలేదు.

మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఆ నోటుపుస్తకములు ఒక బీరువా నిండవలెనని, వెనుక బల్ల మీది పిల్లవాడు లేచి అడిగిన ప్రశ్నకు మఱునాడు జవాబు దొరకు ఊరుగా మన కూర్మన్నపాలెము వర్ధిల్లవలెనని భగవంతుని ప్రార్థించుచున్నాను.